బిట్‌రేటుకు ‘వరకు’, ‘లోపు’, ‘చొప్పున’

సందేహం: పాలకొల్లులో మాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం ‘డీవీడీకి బిట్‌రేటు 8 మెగాబైట్ల వరకు పెట్టాలి’ అని రాసి గోడకు అంటించాను. బిట్‌రేటు అంటే ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా పరిమాణం. ‘వరకు’ తప్పు, ‘లోపు’ అనాలని మా ఎడిటర్ అంటున్నాడు. రెండూ ఒకటే కాదా?

సమాధానం: ఒకటి కావు. అయితే దోషం ‘వరకు’లో కాక, దానితో చేరిన ‘పెట్టాలి’లో ఉంది. ‘రాత్రి తొమ్మిది వరకు చదవాలి’ అంటే తొమ్మిదయ్యేదాకా పుస్తకం మూయకూడదని. ‘తొమ్మిదిలోపు చదవాలి’ అంటే ఆ వేళకు చదువు ముగించాలని. విధిని తెలిపే క్రియ పక్కన ‘వరకు’ వస్తే ఆ హద్దును అందుకోవలసిందేనన్న అర్థం వస్తుంది కనుక, మీ వాక్యం చదివిన కుర్రవాడు ప్రతి డిస్కుకూ 8 పెట్టి తీరుతాడు. రెండు గంటల పెళ్లికి అలా పెడితే వీడియో ఒక్కటే 7.2 గిగాబైట్లయి, 4.7 గిగాబైట్ల డిస్కులో పట్టదు. ‘8 వరకు పెట్టవచ్చు’ అని ఉంటే ఈ చిక్కు రాదు.

ఇక్కడే మరొక సవరణ: అది మెగాబైట్లు కాదు, సెకనుకు మెగాబిట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి పొరపాటు ఎనిమిదింతలవుతుంది.

‘లోపు’కూ ఒక సందిగ్ధత ఉంది. ‘పదో తేదీలోపు నీటితీరువా కట్టాలి’ అంటే పదో తేదీన కట్టవచ్చునా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. అందుచేత సాంకేతికమైన హద్దుకు ‘మించరాదు’ అన్నదే నా మొగ్గు. హద్దు కూడా చెల్లుతుందని అది నిస్సందేహంగా చెబుతుంది. డీవీడీ ప్రమాణం ప్రకారం వీడియో సెకనుకు 9.8 మెగాబిట్లకు, ధ్వనితోనూ సబ్‌టైటిళ్లతోనూ కలిపి మొత్తం 10.08కి మించరాదు. మీరు 8 దగ్గర ఆగడం ప్రమాణం వల్ల కాదు. ఇంట్లో రైట్ చేసిన డిస్కులను కొన్ని పాత ప్లేయర్లు అంత వేగంగా చదవలేక బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది కనుక పాటించే జాగ్రత్త. ఆ తేడా క్రియలోనూ కనిపించాలి: 9.8కి ‘మించరాదు’, 8కి ‘మించకపోవడం మంచిది’.

నన్నడిగితే, మీ కాగితంలో అన్నిటికన్నా అవసరమై లేకపోయిన మాట ‘సగటున’. ‘మనిషికి ఒక లడ్డు చొప్పున’ అంటే అందరికీ సమానమే. ‘ఎకరానికి సగటున ముప్పై బస్తాల చొప్పున పండింది’ అన్నప్పుడు ప్రతి సెంటులోనూ ఒకే తీరుగా పండిందని డెల్టా రైతు ఎవరూ అనుకోడు. స్థిరమైన బిట్‌రేటుకు ఒట్టి ‘చొప్పున’ చాలు, మారే బిట్‌రేటుకు ‘సగటున’ కూడా ఉండి తీరాలి. వధూవరులు పీటల మీద కదలకుండా కూర్చున్నంతసేపూ కొద్ది బిట్లతో సరిపోతుంది. తలంబ్రాల వేళ ప్రతి గింజా ఒక్కో దిక్కుకు చెదురుతుంది. మారని భాగాలను ముందరి ఫ్రేము (క్షణం ముందటి బొమ్మ) నుంచి తిరిగి వాడుకుంటేనే బిట్లు మిగులుతాయి, ఇక్కడ అలా వాడుకోదగినది తక్కువ. బిట్లు చాలకపోతే బియ్యం, పసుపు, పెళ్లికూతురి కొప్పులోని పూలు కలిసిపోయి చదరపు గళ్లుగా విరుగుతాయి. రెండు విడతల ఎన్‌కోడింగు (వీడియోను డిస్కుకు తగ్గట్టు కుదించే పని) మొదటిసారి వీడియో అంతా పరిశీలించి, రెండోసారి అవసరాన్ని బట్టి బిట్లు పంచుతుంది. పంపకం ఎలా ఉన్నా సగటు మారదు కాబట్టి, డిస్కులో పడుతుందో లేదో తేల్చేది సగటే.

లెక్క ఇది: 470 కోట్ల బైట్లంటే 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల్లోని 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 52 లక్షల బిట్లు, అంటే 5.2 మెగాబిట్లు. ధ్వనికి 192 కిలోబిట్లు తీసి, మెనూలకు కొంత విడిచిపెడితే వీడియోకు 4.8 మిగులుతుంది. అందువల్ల ఇలా రాయండి: ‘రెండు గంటల వీడియోకు బిట్‌రేటు సెకనుకు సగటున 4.8 మెగాబిట్ల చొప్పున ఉండాలి. ఏ సెకనులోనూ 8 మెగాబిట్లకు మించకపోవడం మంచిది.’ గంట నిడివి గల ప్రభల తీర్థం వీడియోకు ఇదే భాగహారం 10.4 చూపిస్తుంది, అక్కడ సగటుతో పని లేదు, ‘8 వరకు పెట్టవచ్చు’ అన్న వాక్యం ఒక్కటే చాలు.