సైకస్ మీద నీలి సీతాకోకచిలుకలు: వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా

ఆగస్టులో మీ సైకస్ (ఈతమొక్కలా కనిపించే అలంకరణ మొక్క) కుండీల చుట్టూ తిరిగిన చిన్న నీలి సీతాకోకచిలుకలూ ఫిబ్రవరిలో కనిపించినవీ వేర్వేరు జాతులా అని అడిగారు. తిరుమలలో మీ బావగారు తీసిన ఫొటోలోది ఇంకో ప్రాంతీయ రకమా అన్నది మీ రెండో సందేహం. మూడూ ఒకే జాతి. ఇంగ్లీషులో ప్లెయిన్స్ క్యూపిడ్ అంటారు, శాస్త్రీయ నామం లూథ్రోడెస్ పాండవ. కడియపులంకలో మాది నర్సరీ కుటుంబం కాబట్టి ఏడాది పొడుగునా వీటిని చూస్తూనే ఉంటాను.

తేడా అంతా రుతువుది. రెక్కలు మూసుకుని వాలినప్పుడు అడుగువైపు చూడండి. వానాకాలం వాటికి బూడిదరంగు మీద తెల్లటి అంచులున్న మచ్చలు వరుసగా, గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. ఎండలు ముదిరే కొద్దీ పుట్టేవాటిలో ఆ వరుసలు చెదిరి మసకబారతాయి, గోధుమరంగు మరక పరుచుకుంటుంది. పురుగుగా ఉన్నప్పటి వాతావరణమే ఈ రూపాన్ని నిర్ణయిస్తుంది. ఏ కాలమైనా మారని గుర్తులు మూడు: వెనక రెక్క మొదట్లో నల్లచుక్కలు, తోక దగ్గర నారింజ టోపీ పెట్టుకున్న ఒక నల్లమచ్చ, వెంట్రుకంత సన్నని తోక. ఇక ఆడ, మగ తేడా కూడా ఉంది. మగదాని రెక్కల పైభాగమంతా ఊదా కలిసిన నీలం. ఆడదానికి నీలం మొదట్లోనే ఆగిపోతుంది, చుట్టూ వెడల్పైన ముదురు అంచు.

ప్రాంతాన్ని బట్టి ఉపజాతులు లేకపోలేదు. శ్రీలంకలోది లంకా, తైవాన్‌లోది పెరిపాట్రియా. అయితే కడియానిదీ తిరుమలదీ ఒకే ఉపజాతి. శేషాచలం కొండల్లో దాని పురుగులు తినడానికి అక్కడి సొంత సైకస్ బెడ్డోమీ ఉంది, మన దగ్గర జపాన్ నుంచి వచ్చిన సైకస్ రెవొల్యూటా చిగురు దొరికింది, అంతే.

పోల్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. వరికోతల తర్వాత మాగాణుల్లో మినుము పూతకు వచ్చినప్పుడు తిరిగే నీలిది ఎక్కువగా గ్రామ్ బ్లూ. దానికీ తోక ఉంటుంది గానీ నారింజ టోపీ మచ్చలు రెండు. నిమ్మచెట్ల దగ్గర తిరిగే లైమ్ బ్లూకు తోకే ఉండదు.

మొక్కల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. తల్లి సీతాకోకచిలుక ముదురు ఆకుల జోలికి పోదు. మొవ్వులోంచి కొత్త చిగురు చుట్టలు చుట్టుకుని పైకి వస్తుందే, సరిగ్గా అప్పుడు వాలి గుడ్లు పెడుతుంది. భూతద్దంతో చూస్తే లేత ఆకుల మీద తెల్లటి చిన్న బిళ్లలు కనిపిస్తాయి. పురుగులు ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి చిగురు రంగులో కలిసిపోతాయి. వాటిని పట్టించేది చీమలే. పురుగు వీపు మీది గ్రంథి నుంచి ఊరే తీపి రసం కోసం చీమలు చుట్టూ కాపలా ఉంటాయి. చిగురు మీద చీమలు బారులు తీరాయంటే మొవ్వు విప్పి చూడాల్సిందే. గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు వారాలు చాలు కాబట్టి ఆలస్యం చేస్తే చిగురంతా ఈనెలై మిగులుతుంది.

తోటంతా మందు కొట్టవద్దని నా మనవి. చుట్టల లోపలికి మందు సరిగా చేరదు, పైన తిరిగే తేనెటీగలు మాత్రం చస్తాయి. చిగురు తొంగిచూడగానే సన్నకన్ను వల కప్పి, గట్టిపడ్డాక తీసేయండి. ఈ సీతాకోకచిలుక మన నేలదే, ఎక్కడి నుంచో వచ్చి పడ్డ తెగులు కాదు. దీన్ని మిగిలిన లోకానికి చేరవేస్తున్నది అలంకరణ మొక్కల వ్యాపారమే. 2005లో పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో కనిపించి, అక్కడి స్థానిక సైకస్ చిగుళ్లకు పెద్ద బెడదగా మారింది. అందుకే చిగురు మీదున్న కుండీలను లారీకి ఎక్కించవద్దు. ముదిరాక పంపండి.

మళ్లీ ఫొటో పెట్టేటప్పుడు మూసిన రెక్కలది ఒకటి తీసి, తేదీ, వాలిన మొక్క పేరు కూడా రాయండి. రెక్కల పైభాగం ఒక్కటే చూసి ఈ నీలివాటి జాతి తేల్చడం కష్టం.