మావోడు కర్నెల్ పట్టుకుని కూర్చున్నడు, ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మావోడు బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. లినక్స్ కర్నెల్ బిల్డ్ చేస్తున్నానంటూ రాత్రంతా మేల్కొంటున్నడు. ఏవో డిపెండెన్సీలు తేలడం లేదట. తోటి పిల్లలంతా అమీర్‌పేట పోయి ఏఐ కోర్సుల్లో చేరుతున్నరు. రెండింట్లో ఏది మంచిది?
– ఒక తండ్రి

జవాబు: ఊరు మారుతుంది గానీ ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఏది మంచిదన్నది పైకి అడిగే మాట. లోపలి భయం, పక్కింటోళ్ల పిల్లగాడికి ముందు ఆఫర్ లెటర్ వస్తే ఎట్లా అని. మీవాడు వెనకబడలేదండీ, ముందు ఆ దిగులు వదలండి.

కర్నెల్ అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, సోర్స్ కోడ్ నుంచి దాన్ని తయారుచేసుకోవడమే బిల్డ్. వాడు కుస్తీ పడుతున్నది కేకాన్ఫిగ్‌తో, అంటే కర్నెల్‌లో ఏవేవి ఉండాలో ఎంచుకునే ఏర్పాటుతో. కర్నెల్‌లో ఏ డ్రైవర్‌కు (ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్) ఏది తోడుండాలో ఆ ఫైళ్లలోనే రాసి ఉంటుంది. 'డిపెండ్స్ ఆన్' అని ఉంటే, అవతలిది ఆన్ అయ్యేదాకా ఇది మెనూలోకే రాదు. 'సెలెక్ట్' అట్లా కాదు. అవతలిదానికి ఏం కావాలో చూడకుండానే దాన్ని ఆన్ చేసేస్తుంది. అప్పుడే 'అన్‌మెట్ డైరెక్ట్ డిపెండెన్సీస్' అని హెచ్చరిక పడుతుంది. చూసీచూడనట్టు పోతే బిల్డ్ మధ్యలో ఆగొచ్చు, లేదా చివర ముక్కలన్నీ కలిపే లింకింగ్ దగ్గర 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (పిలిచిన కోడ్ దొరకలేదని) రావొచ్చు. ఎంపికలన్నీ ఉండే డాట్ కాన్ఫిగ్ ఫైల్లో చేత్తో 'వై' (ఆన్) అని దిద్దినా, డిపెండెన్సీ తీరకపోతే బిల్డ్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టగానే ఆ లైను ఎగిరిపోతుంది. ఎంపికలు చూపే మెనూ, మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి పేరు వెతికితే 'డిపెండ్స్ ఆన్', 'సెలెక్టెడ్ బై' కనిపిస్తాయి. అక్కణ్నుంచి తీగ లాగాలి. ఎవరో రాసిన కోడ్‌లో చిక్కు ఎక్కడుందో ఓపికగా పట్టుకోవడం ఉద్యోగంలో చేరినంక రోజూ ఉండే పని.

ఏఐ సబ్జెక్టు మీద నాకు కోపం లేదు, ఆ పేరుతో అమ్ముతున్న కోర్సుల మీదే అనుమానం. తయారుగా ఉన్న డేటా, తయారుగా ఉన్న కోడ్ నోట్‌బుక్, రన్ బటన్, సర్టిఫికెట్. నా ముందుకొచ్చే రెజ్యూమెల్లో ప్రాజెక్టు పేరు కూడా మారదు. మోడల్ ఎందుకు తప్పు చెప్పిందని అడిగితే నోరు పెగలదు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా రాకుండా అక్కడ ఎంతసేపు నిలబడతారు? పైగా 2017 నవంబర్ నుంచి టాప్ 500 సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆ ఏఐ కూర్చునే పీట కూడా ఇదే.

కర్నెల్ పనికి ఫ్రెషర్లను తీసుకునేది తక్కువే, దాచను. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా లాంటివి ఉన్నా డేటా స్ట్రక్చర్స్, సీ గట్టిగా రావాల్సిందే.

ఇక మీ సంగతి. మీరు చేయబోతున్నది కూడా 'సెలెక్టే'. వాడికేం కావాలో చూడకుండా ఏఐ ఆన్ చేస్తున్నారు. ఎక్కడ ఆగిందిరా అని ఒక్క రాత్రన్నా పక్కన కూర్చుని అడిగారా? మార్కులు అడగడం కాదు నేను చెప్పేది.

బ్యాక్‌లాగ్‌లు లేకపోతే వాణ్ని కదిలించకండి. పాత ల్యాప్‌టాప్ అయితే 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' వాడమనండి, అప్పటికి లోడ్ కాని మాడ్యూళ్లను (కర్నెల్‌కు విడిగా కలిసే ముక్కలు) అది తీసేస్తుంది కాబట్టి బిల్డ్ త్వరగా అవుతుంది. వాడే పెన్‌డ్రైవ్, వైఫై ముందే పెట్టుకొమ్మనండి, లేకుంటే వాటి డ్రైవర్లూ పోతాయి. కోర్సుకు తీసిపెట్టిన డబ్బులో కొంత పెట్టి ర్యామ్, ఎస్ఎస్‌డీ కొనివ్వండి.