నేర్పుకు వ్యతిరేకం ఏది?

సందేహం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పరీక్షలో ‘నేర్పు’కు వ్యతిరేక పదం అడిగితే ‘నేర్చు’ అని రాసింది, తప్పు కొట్టారు. సరైన జవాబేది? ‘బోధన’కు ‘అభ్యసన’ వ్యతిరేకమేనా? సంగీతం క్లాసుల బోర్డు మీద ‘నేర్పించబడును’ అని రాస్తున్నారు, అది సరేనా? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఏ నేర్పును అడిగారో ముందు తేలాలి. మనకు నేర్పులు రెండున్నాయి. ఒకటి క్రియ. నడచు–నడపు, నిలుచు–నిలుపు లాగే నేర్చు–నేర్పు. ఈ జంటలో వైరం లేదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే బేరానికి రెండు కొసలు, ఇదీ అంతే. బోధన–అభ్యసనలు కూడా ఆ కోవలోవే. (అభ్యాసం అనే మాట చేతిలో ఉండగా ఈ అభ్యసన దేనికో! సంస్కృతం కాదనదు గానీ చెవి ఒప్పుకోదు.)

రెండోది నామవాచకం. ఓర్చు–ఓర్పు, కూర్చు–కూర్పు, తీర్చు–తీర్పు వరసలో పుట్టిన నేర్పు, అంటే చాతుర్యం. నేర్పరి దీని బిడ్డే. అసలు వ్యతిరేకం ఉన్నది దీనికి. ఆ మాట ‘నేరమి’. ఓర్పుకు ఓర్వమి ఎట్లాగో, నేర్పుకు నేరమి అట్లాగ.

ఇది అర్థం కావాలంటే నేర్చు పాత బతుకు తెలియాలి. ఈనాడు నేర్చుకోవడం ఒక్కటే మిగిలింది గానీ, పూర్వం నేర్చు అంటే ‘చేతనగు’ అని కూడా. చేయనేర్చును అంటే చేయగలడు. కాదనేటప్పుడు ‘చు’ జారిపోతుంది: నేరను, నేరవు, నేరడు. వేమన రెండూ పక్కపక్కన పెట్టాడు:

నేరనన్నవాడు నెరజాణ మహిలోన
నేర్తునన్నవాడు నింద జెందు

నాకు రాదన్నవాడు గడుసువాడట, వచ్చునన్నవాడు మాటపడతాడట. నేరను, నేర్తును: వ్యతిరేకం అంటే ఇదీ. పాదాల మొదట ‘నేర’, ‘నేర్తు’ ఎదురెదురుగా నిలబడ్డాయి, నడుమ ‘నెరజాణ’ కూడా అదే ‘నకారం’తో వంత పాడింది. ఇన్ని హంగులున్న పద్యాన్ని పిల్లలకు నీతి కోసమే చెప్పి, మాట సంగతి వదిలేస్తున్నారు.

ఇక ‘నేరం’. చేతగానితనం, దానివల్ల జరిగే తప్పు, ఆ తప్పు పెద్దదైతే అపరాధం – ఇలా నేరమి నుంచి ఇది దిగివచ్చిందనడానికి రూపమూ అర్థమూ రెండూ అనుకూలమే. నా మొగ్గు అటే, పట్టుబట్టను మాత్రం. ఇప్పుడు పోలీసు స్టేషన్ మాట అయిపోయింది గనక నేర్పు × నేరం అని రాస్తే నవ్వుతారు.

తక్కినవి క్లుప్తంగా. నేర్చినదానికి ఎదురు మరచినది. కఱచు అన్నా పూర్వం నేర్చుకోవడమే, కఱపు అంటే నేర్పడం. కరవడంతో కలిసిపోయి వాడుక తప్పింది. ఒజ్జ అనేది ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతం మీదుగా అరిగి వచ్చిన రూపం. మన పల్లెల్లో అయ్యవారు, అయ్యోరు చాలు.

బోర్డు సంగతి. తిక్కన సోమయాజి భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. అందులో ఉత్తరకు నాట్యం నేర్పింది బృహన్నల, నేర్పించింది విరాటుడు. సంగీతం అయ్యోరు తానే పాఠం చెబుతూ ‘నేర్పించబడును’ అంటే, లోపల ఇంకెవరో ఉన్నారేమోనని వెతుక్కోవాలి. ‘సంగీతం నేర్పుతాం’ అంటే ‘బడు’ బెడద కూడా పోతుంది. అయితే ‘మా టీచరు నేర్పించారు’ అని ఊరంతా అంటున్నది, మాటల్లో దాన్ని తప్పనడం కష్టం. రాతలో దిద్దుకోండి.

అమ్మాయికి మార్కు తీసివేయడం న్యాయమే. అయితే జవాబు ‘నేరమి’ అని దిద్ది ఇవ్వకుండా కొట్టేసి ఊరుకుంటే, అది మాత్రం నేర్పినట్టు కాదు.