కొత్త సీఈఓ వచ్చారు, డీమార్ట్ ఇక డివిడెండ్ ఇస్తుందా?

ప్రశ్న: మావారి రిటైర్మెంట్ డబ్బులో కొంత పెట్టి డీమార్ట్ షేర్లు కొన్నాం. ఇంతవరకూ ఒక్క రూపాయి డివిడెండ్ రాలేదు. సీఈఓ మారారు కాబట్టి ఇకనైనా ఇస్తారా? ఇలాంటి మార్పులు మాలాంటివాళ్లకు ముందే తెలిసే దారి ఉందా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెండోదానికి ముందు చెబుతానండీ, అది తేలిక. కంపెనీల చట్టం ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్‌ను ఒక విడతలో ఐదేళ్లకు మించి నియమించకూడదు, కొనసాగించాలన్నా గడువు తీరడానికి ఏడాది ఉందనగా మాత్రమే ఆ పని మొదలుపెట్టాలి. అందుకే ఆ తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకుని, చివరి ఏడాది బోర్డు ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. డీమార్ట్ పాత సీఈఓ, మేనేజింగ్ డైరెక్టర్ నెవిల్ నొరోన్హా పదవీకాలం 2026 జనవరి ఆఖరుతో ముగుస్తుందనగా, 2025 జనవరిలోనే త్రైమాసిక ఫలితాలతో పాటు యూనిలీవర్ నుంచి అన్షుల్ అసావా వస్తున్నారని కంపెనీ చెప్పేసింది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పుకార్లతో టెన్షన్ పడక్కర్లేదు.

డివిడెండ్ సంగతి వేరు. అది సీఈఓ ఒక్కరు తేల్చేది కాదు, బోర్డు సిఫార్సు చేయాలి, పైగా ఇక్కడ దాదాపు నాలుగింట మూడొంతుల వాటా డీమార్ట్ వ్యవస్థాపకుడు రాధాకిషన్ దమానీ, ఆయన వర్గానిదే. డీమార్ట్ చాలావరకు అద్దెకు తీసుకోదు, స్థలం కొని బిల్డింగ్ కట్టుకుంటుంది. అద్దె భారం లేదు కాబట్టి సరుకు చవగ్గా అమ్మగలుగుతోంది, కానీ ఆ లాభమంతా మళ్లీ కొత్త స్టోర్లలోకే వెళ్లిపోతోంది. 2017లో లిస్టయినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

ఆపిల్‌లో టిమ్ కుక్ 2011 ఆగస్టులో సీఈఓగా వచ్చి, 2012 మార్చిలో డివిడెండ్ ప్రకటించారు కదా అంటారు. నిజమే, 1995 తర్వాత అదే మొదలు. కానీ అప్పటికే ఆ కంపెనీ దగ్గర వంద బిలియన్ డాలర్లకు దగ్గరగా డబ్బు పేరుకుపోయింది, అసలు కారణం అదీ అని నా అభిప్రాయం.

కాబట్టి వార్షిక నివేదికలో క్యాష్ ఫ్లో పట్టిక తీసి రెండే వరుసలు చూడండి: వ్యాపారం నుంచి వచ్చిన నగదు, స్థిరాస్తుల మీద పెట్టిన ఖర్చు. వరసగా రెండు మూడేళ్లు మొదటిది బాగా మిగిలి, కొత్త స్టోర్ల జోరు తగ్గితే అప్పుడు ఆశపడొచ్చు.

ఈలోగా ఇంటి ఖర్చులకు డబ్బు కావాలంటే ఏటా కొన్ని షేర్లు అమ్ముకోండి. ఏడాది దాటిన షేర్ల మీద లాభం, మిగతా షేర్లూ ఈక్విటీ ఫండ్ల లాభాలతో కలిపి, ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. డివిడెండ్ అయితే మొత్తం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది.