జాజ్ తెలియకుండా జాజ్ కళాకారుడి మీద మ్యూజికల్‌కి వెళ్తే డబ్బు దండగేనా?

దండగ కాదు, వెళ్ళండి. న్యూయార్క్ వస్తున్నానని, జాజ్‌లో ఓనమాలు కూడా తెలియవని, కథ అర్థం కాకపోతే ఎలా అని అడిగారు. నేను వెళ్ళిన రోజు నాకు తెలిసిందీ అంతే. న్యూజెర్సీలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు) అంటే చుట్టాలొచ్చినప్పుడు చూపించేది అనుకునేవాణ్ణి.

నేను చూసింది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం మీద వచ్చిన మ్యూజికల్ (పాటల నాటకం) ‘ఎ వండర్‌ఫుల్ వరల్డ్’. స్టూడియో 54 థియేటర్లో 2024 నవంబరులో మొదలై 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అంటే మీకిప్పుడు అది దొరకదు. కానీ ఈ తరహావి అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. ఆయనలాగే జాజ్ కళాకారులైన ఫ్యాట్స్ వాలర్ పాటలతో 1978లో ఒకటి, జెల్లీ రోల్ మోర్టన్ మీద 1992లో ఒకటి వచ్చాయి. కాబట్టి నా అనుభవం మీకు పనికిరావచ్చు.

కథ గురించి టెన్షన్ అక్కర్లేదు. నాలుగు ఊళ్ళు, నలుగురు భార్యలు, అంతే లెక్క. న్యూ ఆర్లీన్స్‌లో డెయిజీ, షికాగోలో లిల్, హాలీవుడ్‌లో ఆల్ఫా, న్యూయార్క్‌లో లూసిల్. నాకు బాగా నచ్చింది లిల్ హార్డిన్ భాగం. ఆర్మ్‌స్ట్రాంగ్ గురువు కింగ్ ఆలివర్ బ్యాండ్‌లో ఆవిడ పియానో వాయించేది. ఆ బ్యాండ్‌లోకే 1922లో ఆర్మ్‌స్ట్రాంగ్ రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) వాద్యకారుడిగా వచ్చాడు. ‘గురువుగారి చాటున ఎన్నాళ్ళుంటావు, బయటికి నడు’ అని ఆయన్ని తరిమింది ఆవిడే. ఆవిడ పట్టుదల లేకపోతే 1924లో న్యూయార్క్ వెళ్ళేవాడా అన్నది అనుమానమే. విడాకులయ్యాక కూడా ఇద్దరూ స్నేహంగానే ఉన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ గురించి చదివి నిర్ఘాంతపోయాను: 1971 జులైలో ఆయన పోయాడు, ఆగస్టులో ఆయన సంస్మరణ కచేరీలో పియానో వాయిస్తూనే ఈవిడ కుప్పకూలి చనిపోయింది.

ఆల్ఫా భాగం మాత్రం పరుగు పందెంలా అయిపోయింది. రెండున్నర గంటల్లో అంత జీవితం పట్టించాలంటే ఎవరో ఒకరికి అన్యాయం జరగక తప్పదు. నాటకంలో ఇంకో ఘట్టం ఉంది: 1957లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వకపోతే ఆయన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే దులిపేసి, ప్రభుత్వం తరఫున చేయాల్సిన సోవియట్ పర్యటన మానుకున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే మనిషి కదా, ఆ కోపం వెనకున్న సంగతులు ముందే చదువుకుని వెళ్తే ఆ ఘట్టం ఇంకా గట్టిగా తగులుతుంది.

సంగీతం దగ్గరికొస్తే నాకొక పేచీ ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వేషం వేసిన జేమ్స్ మన్రో ఐగిల్‌హార్ట్ ఆ గరగర గొంతుని మొదటినుంచి చివరిదాకా మోసిన తీరుకి దండం పెట్టాలి. వారానికి ఎనిమిది ఆటలుండే చోట ఆ గొంతుతో పాడటం మాటలు కాదు, కొన్ని ఆటల్లో ఆ పాత్ర ఇంకో నటుడు వేసేవాడు. ట్రంపెట్ మాత్రం ఆయన చేతిలో ఉంటుంది, వాయించేది ఆర్కెస్ట్రాలోని వాద్యకారుడు. అదీ పెద్ద సమస్య కాదు. సమస్యల్లా ఏమిటంటే, బ్రాడ్‌వేలో ప్రతి స్వరమూ ముందే రాసి ఉంటుంది, లైట్లూ డాన్సూ దానికి ముడిపడి ఉంటాయి. మన పద్యనాటకంలో రాయబారం సీను చూసి ఉంటే మీకు తెలుస్తుంది: జనం ఊపులో ఉంటే నటుడు రాగం ఇంకో నిమిషం లాగుతాడు, ‘వన్స్ మోర్’ అంటే పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. జాజ్ ప్రాణం కూడా అక్కడే, అప్పటికప్పుడు పుట్టే ఆ అల్లికలోనే. దాన్ని అంత ఎత్తుకి పెంచినవాడి కథలో అది తప్ప అన్నీ ఉన్నాయి. ఆయన ఎలాంటి మనిషో తెలిసింది గానీ, ఆయనకంత పేరు ఎందుకొచ్చిందో తెలియలేదు.

అది తెలియాలంటే వెళ్ళే ముందు ఒక్క రికార్డు వినండి. 1928లో ఆయన హాట్ ఫైవ్ బృందంతో చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’. మూడు నిమిషాల పైచిలుకు. మొదట్లో తోడు వాద్యం ఏదీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే వస్తుంది, పావు నిమిషం కూడా ఉండదు. కాసిని సార్లు వింటే చాలు, స్టేజి మీద ఏది ఆయనదో, ఏది బ్రాడ్‌వే అలంకారమో మీ చెవికే పట్టుబడుతుంది.

టికెట్ విషయానికొస్తే, టైమ్స్ స్క్వేర్ ఎర్రమెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్లో ఆ రోజు ఆటలకి తగ్గింపు ధరకి అమ్ముతారు. మీకు కావాల్సిన షో ఉంటుందన్న గ్యారంటీ లేదు. మొదటిసారైతే మేడమీది సీట్లు చాలు, డాన్సులు పైనుంచే బాగా కనిపిస్తాయి.

ఇంకో పూట ఖాళీ ఉంటే న్యూయార్క్‌లోనే క్వీన్స్ ప్రాంతంలో కరోనా అనే పేటలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు చూడండి, ఇప్పుడది మ్యూజియం. 7 నంబరు రైలెక్కి 103వ వీధి స్టేషన్లో దిగి కాస్త నడవాలి. 1943 నుంచి పోయేదాకా ఆయనా లూసిల్ అక్కడే ఉన్నారు. ఆయన ఇంట్లో టేపు రికార్డరు పెట్టి తన మాటలూ సాధనా రికార్డు చేసుకునేవాడు, గదులు చూపిస్తూ అవి కొన్ని వినిపిస్తారు. చిన్న ఇల్లు, గైడుతో కొద్దిమందినే లోపలికి పంపుతారు గనక టైము ముందే బుక్ చేసుకోండి.