దేశం మారేటప్పుడు వెంట తీసుకెళ్లే ఆహారం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

పెట్టెలు సర్దడం మొదలుపెట్టావనీ, తినే వస్తువుల్లో వేటిని తీసుకెళ్లవచ్చో తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఈ విషయంలో నాకు తెలిసినదంతా నీకు ముందే చెప్పడం మంచిదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్టెలో తినే వస్తువు ఏది ఉన్నా, అది ఒక్క బిస్కట్ ప్యాకెట్ అయినా సరే, దిగిన చోట కస్టమ్స్ వారికి ఉన్నదున్నట్టు చెప్పు. డిక్లరేషన్ ఫారం ఇస్తే ఆహారం ఉన్నదనే రాయి. ఫారం లేకుండా, చెప్పవలసిన సరుకు ఉన్నవారికి ఎర్ర దారి, లేనివారికి పచ్చ దారి అని రెండు దారులు ఉన్న చోట, ఏమాత్రం అనుమానం ఉన్నా ఎర్ర దారిలోనే వెళ్లు. చాలామంది చెబితే తీసేసుకుంటారన్న భయంతో దాస్తారు. నిజానికి చెప్పిన వస్తువు నిషిద్ధమైతే సాధారణంగా దాన్ని మాత్రం తీసుకుని నిన్ను పంపేస్తారు. చెప్పకుండా దొరికితేనే అది నేరమవుతుంది. న్యూజిలాండ్‌లో అలా దొరికినవారికి అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా వేస్తారు. ఆస్ట్రేలియాలో జరిమానాతో పాటు తాత్కాలిక వీసాను రద్దు చేసే అధికారం కూడా ఉంది. ఎన్నో నెలలు ఎదురుచూసి సంపాదించుకున్న వీసాను ఒక పొట్లం కోసం పణంగా పెట్టకు తల్లీ.

ఈ కట్టుబాట్లు అధికారుల చాదస్తమని అనుకోవద్దు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. సరిగా ఉడికించకుండా పందులకు పెట్టిన ఆహార వ్యర్థాల నుంచి అది మొదలైందని తర్వాత తేల్చారు. ధాన్యాన్ని తినే ఖాప్రా అనే పెంకుపురుగు ఉంది. దాని పిల్లపురుగు పగుళ్లలో దాక్కుని తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలదు. ఆ పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా 2011 నుంచి నిషేధించింది. ఆస్ట్రేలియా 2020లో బియ్యంతో పాటు శనగలు, కందులు, ఎండుమిర్చి, జీలకర్ర, ధనియాల వంటివాటిని కూడా ప్రయాణికుల సామానులో రానివ్వకూడదని నిర్ణయించింది. కాబట్టి ముడి గింజల మీద ఆశ పెట్టుకోకు. ఫ్యాక్టరీలో వేడి మీద తయారై సీలు వేసి వచ్చిన వాటికి ఇంత పట్టింపు ఉండదు.

వస్తువు పేరును బట్టి కాకుండా, అందులో ఏమేమి కలిశాయో, ఎలా తయారైందో చూసి నిర్ణయించుకోవాలి. యూరోపియన్ యూనియన్‌నే తీసుకో. బయటి దేశాల నుంచి మాంసాన్ని, పాల పదార్థాలను ప్రయాణికులు వెంట తేకూడదు. పసిపిల్లల పాలపొడి, వైద్య అవసరానికి వాడే ప్రత్యేక ఆహారం మాత్రం, తెరిచే వరకూ ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేనివై, కంపెనీ సీలుతో ఉంటే 2 కిలోల వరకు అనుమతిస్తారు. మామూలు పాలపొడి కుదరదు కానీ, పాలు కలిసిన బిస్కట్లు, చాక్లెట్లు మాంసం లేనివైతే ఆ నిషేధం కిందికి రావు. తాజా పండ్లకు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్ మాత్రమే దానికి మినహాయింపు. కొన్ని చోట్ల పురుగుల భయంతో కాకుండా మత్తుమందుల చట్టం కింద నిషేధం ఉంటుంది. సింగపూర్‌కూ, యుఏఈకీ వెళ్లేవారు నల్లమందు మొక్క గింజలైన గసగసాలను పెట్టెలో ఒక్క పలుకు కూడా ఉంచుకోకూడదు. అక్కడ జరిమానాతో సరిపోదు.

చోటు కలిసివస్తుందని అట్టపెట్టెలు తీసేసి, సరుకును వేరే సంచుల్లోకి మార్చడం నాకు బొత్తిగా నచ్చని పని. లేబుల్ లేని పొడిని చూసి అది ఏమిటో అధికారి నమ్మకంగా తెలుసుకోలేరు, నీ మాట ఒక్కటే ఆధారం అవుతుంది. కంపెనీ సీలు, తయారీ పదార్థాల పట్టిక, గడువు తేదీ, తయారైన దేశం పేరు స్పష్టంగా కనిపించే ప్యాకెట్లనే కొను. లేబుల్ మీద ఇంగ్లీషు లేకపోతే పదార్థాల పేర్లు ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి జత చెయ్యి. ఆహారమంతా ఒకే పెట్టెలో, పైవైపున సర్దుకుంటే, తెరవమన్నప్పుడు బట్టలన్నీ కింద పరచవలసిన అవసరం రాదు. ముద్దగా, జారుగా ఉండేవి విమానాశ్రయ తనిఖీలో ద్రవాల కిందే లెక్క. సాధారణంగా 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతిసంచిలో పనికిరాదు కనుక, వాటిని చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టు.

నువ్వు అమెరికా మీదుగా వేరే ఊరికి వెళుతున్నట్టయితే, ఆ దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించవలసి ఉంటుందని గుర్తుంచుకుని, తర్వాతి విమానానికి మధ్య సమయం ఉంచుకో.

ఓడలో విడిగా పంపే ఇంటి సామానులో మాత్రం ఆహారం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ పెట్టెలను తెరిచే సమయానికి నువ్వు అక్కడ ఉండకపోవచ్చు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఉండరు, ఒక్క ప్యాకెట్ వల్ల మొత్తం సరుకు విడుదల ఆలస్యం కావచ్చు. పైగా ఓడలో వేడికి, తేమకు సరుకు చెడిపోయే ప్రమాదం ఎక్కువ.

నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక, నువ్వు వెళ్లే దేశపు కస్టమ్స్ లేదా వ్యవసాయ శాఖ అధికారిక వెబ్‌సైటులో బయలుదేరే వారంలో మరొక్కసారి చూసుకో; ఇతరులు తెచ్చుకున్నామని చెప్పే మాటలను ఆధారంగా తీసుకోకు. తీసుకెళ్లదలచిన వస్తువుల పట్టికను, ఒక్కొక్కదాని లేబుల్ ఫోటోతో సహా ఈ వారంలోపు నాకు పంపు. కూర్చుని చదివి, నాకు అనుమానం ఉన్నవాటికి గుర్తు పెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ