ప్రతిజనకమా, ప్రతిరక్షకమా?

సందేహం: అవయవ మార్పిడిపై వచ్చిన ఒక వ్యాసంలో "తండ్రి మూత్రపిండంలో వంశపారంపర్యంగా వచ్చిన ప్రతిరక్షకాలను కొడుకు రోగనిరోధక కణాలు గుర్తించి దాడి చేశాయి" అని ఉంది. ఇక్కడ 'ప్రతిరక్షకాలు' సరైన మాటేనా? రోగం లేని అవయవం విషయంలో 'రోగనిరోధక' అనడం పొసగుతుందా?

సమాధానం: ప్రతిరక్షకం అంటే యాంటీబాడీ, అంటే శరీరం తయారుచేసుకునే ఆయుధం. ఆ ఆయుధానికి గురి అయ్యే గుర్తు యాంటిజెన్. దానికి మాట ప్రతిజనకం. వ్యాసకర్త గుర్తును పట్టుకొని ఆయుధమన్నారు. 'దాడి చేయు'కు కర్మగా 'ను' చెల్లదు కనుక "గుర్తించి, ఆ మూత్రపిండంపై దాడి చేశాయి" అనాలి.

మీరు అడగని చిక్కు 'వంశపారంపర్యంగా వచ్చిన' అన్న విశేషణంలో ఉంది. ఎవరికి వచ్చిన? చదువరి కొడుక్కి వచ్చినవనే అనుకుంటాడు. నిజం అందుకు సరిగ్గా ఎదురు. హెచ్ఎల్ఏ అనే ఈ కణజాల ప్రతిజనకాల జన్యువులు ఆరవ క్రోమోసోమ్‌పై ఉంటాయి. బిడ్డకు తల్లి నుంచి ఒక జట్టు, తండ్రికున్న రెండింటిలో ఒక జట్టు వస్తాయి. తనకు వచ్చిన జట్టును కొడుకు కణాలు సొంతమనే ఎంచుతాయి, రాని రెండవ జట్టునే సాధారణంగా పరాయిదిగా పట్టుకుంటాయి. కాబట్టి "తండ్రిలో ఉండి కొడుక్కి రాని ప్రతిజనకాలు" అని రాస్తే తికమక ఉండదు.

ప్రతిజనకానికి 'ప్రతిరక్షకాన్ని పుట్టించేది' అన్న వ్యుత్పత్తిని మాత్రం మరీ బిగించకూడదు. రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టి కణం తన పైపొరలోని గ్రాహకంతో హెచ్ఎల్ఏ అణువునూ, దాని గాడిలో ఇమిడిన చిన్న ప్రోటీన్ ముక్కనూ కలిపి తడిమి చూస్తుంది. పరాయిదని తేలితే సీడీ8 రకం టి కణాలు ప్రతిరక్షకం ఊసే లేకుండా ఎదుటి కణాన్ని చంపగలవు. అయినా ప్రతిజనకమనే అంటాం; ప్రవీణుడన్నప్పుడు చేతిలో వీణ కోసం వెతకం కదా. హెచ్ఎల్ఏ పూర్తి పేరులోనూ (హ్యూమన్ ల్యూకోసైట్ యాంటిజెన్) 'తెల్లరక్తకణ' అని ఉంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ డోసే 1958లో ఈ కోవకు చెందిన తొలి ప్రతిజనకాన్ని ఆ తెల్లరక్తకణాలపై గుర్తించడమే అందుకు కారణం. నిజానికి ఈ అణువులు కేంద్రకమున్న దాదాపు అన్ని కణాలపైనా ఉంటాయి. అందుకే అక్షరానువాదం కంటే 'కణజాల ప్రతిజనకం' మేలు.

'రోగనిరోధక' రూఢి పదం, తప్పనలేం. కానీ మార్పిడి తరువాత ఈ కణాలను అణచడానికే మందులిస్తారు. "రోగనిరోధక శక్తిని తగ్గించే మందు" అంటే రోగి బెదిరిపోతాడు. ఇలాంటి చోట నేనైతే 'రక్షక కణాలు' అని రాస్తాను.